గృహిణుల పుట: పరుగు ముగిసిన పిమ్మట



ఆటలందు పేరుగాంచిన బాలికలను గూర్చి పత్రికలలో చదివినపుడు మనమందరమును సంతసింతుము. వారి చిత్రములను మన పిల్లలకు జూపి మెచ్చుకొందుము. కాని యా బాలికల తల్లుల మనస్సులలో నొక ప్రశ్న మెదలుచుండును. అది పత్రికల కెక్కదు. “అమ్మాయి బాగుగనే పరుగెత్తుచున్నది. 25 ఏండ్లో 30 ఏండ్లో వచ్చి, కాళ్లు మునుపటివలె సాగనినాడు దాని గతి యేమి?” ఈ ప్రశ్న న్యాయమైనది. పాటగత్తెకు గొంతు చిరకాలము నిలుచును. చదువుకొన్నదానికి విద్య కడవరకు తోడుండును. పరుగెత్తుదానికి మాత్రము ప్రాయము గడచిన వెంటనే పందెము ముగియును. ఈ మాసమున మేమా ప్రశ్ననే తీసికొని, దానికి గల సమాధానములలో మాకు మేలుగా దోచినదానిని మీ యెదుట నుంచుచున్నాము. పరుగెత్తినది పరుగు నేర్పునది కావచ్చును. అయితే అది తనంతట తాను వచ్చునది గాదు. అది రెండవ విద్య.

హైదరాబాదు నగరమునకు ఈశాన్య దిక్కున, ఉప్పలు నాచారములకు చేరువలో, ఏ.ఎస్. రావు నగరమను పేట గలదు. 1967లో నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను సంస్థకు మూలపురుషులైన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి పేర నది వెలసినది. ఆ సంస్థలోని యుద్యోగస్థులు మొదట నచట నిండ్లు గట్టుకొనిరి. అందుచే నా వాడలో చదువునెడ ఆదరము మెండు. పిల్లలు ఇంజనీర్లో వైద్యులో కావలెనని తలంపని యిల్లాలు అరుదు. అట్టి పేటలో నొక బాలిక తండ్రితో, “నేను కళాశాలలో పరుగు నేర్పు శిక్షకురాల నగుదును” అన్నచో నా యింట నెట్టి చర్చ జరుగునో మీరూహింపగలరు. “పాఠము చెప్పు పంతులమ్మవగుదు నన్న నొప్పుకొందుము, ఈల యూదు పంతులమ్మ వగుట యేమి?” అని బామ్మగారు ముక్కుపై వ్రేలిడుదురు. ఆ యీల వెనుక నెంత విద్య యున్నదో బామ్మగారికి దెలియజెప్పుటయే మా యీ పుట యుద్దేశము.

మొదట నొక మాట. చేయనేర్చిన వారెల్లరు చెప్పనేర్తురా? మన వంటయింటనే దీనికి నిదర్శన మున్నది. ఆవకాయ పెట్టుటలో నూరికంతకు పేరుపొందిన పెద్దమ్మగారిని క్రొత్తకోడలు, “అత్తా, ముక్కల కెంత యుప్పు? ఎంత యావపిండి?” అని యడిగినదనుకొనుడు. “చేతికి దెలియునే తల్లీ, చూచి వేయుము” అని యామె బదులు చెప్పును. అందులో గర్వము గాని దాపరికము గాని లేదు. నలువది యేండ్లు ఆవకాయ పెట్టి పెట్టి, ఆ కొలత ఆమె నాలుకను విడిచి చేతిలో జేరినది. దానిని మరల మాటలోనికి దెచ్చి, గిన్నెలతో కొలిచి, “ఇన్ని ముక్కల కింత” అని చెప్పగలిగిననాడే యా పెద్దమ్మ గురువగును. పరుగులో పతకము పొందినవారి స్థితియు నిట్టిదే. వారి కాళ్లకు దెలిసినది వారి నాలుకకు దెలియదు. తన కాళ్లు చేసిన పనిని విడదీసి, కొలిచి, వేరొక బాలిక కాళ్లకు సరిపడునట్లు మార్చి చెప్పుటకే శిక్షణ మని పేరు.

ఎంత కొలువవలెనో యొక పందెమును జూచి తెలిసికొందము. స్త్రీలకు 100 మీటర్ల హర్డిల్సు అను పందెము గలదు. త్రోవలో 10 చట్రములు అడ్డముగా నిలుపుదురు. ఒక్కొక్కదాని యెత్తు 83.8 సెంటీమీటర్లు; అనగా నించుమించుగా మన వంటగట్టంత. బయలుదేరు గీటునుండి మొదటి చట్రమునకు 13 మీటర్లు. ఆపై నొక్కొక్క చట్రమునకు నడుమ 8.5 మీటర్లు, కడపటిదానినుండి గమ్యమునకు 10.5 మీటర్లు. మొదటి చట్రమును జేరుటకు సామాన్యముగా ఎనిమిది యడుగులు. రెండు చట్రముల నడుమ మూడే యడుగులు. నాలుగవ యడుగు వేయవలసివచ్చెనా, దాటు కాలు మారిపోవును, పందెము పోయినట్లే. పొట్టిపిల్లకు మూడడుగులు చాలవు; పొడుగుపిల్లకు 8.5 మీటర్ల చోటు చాలక కాళ్లు ముడుచుకొనవలసివచ్చును. దుముకు చట్రమునకు మరీ దగ్గరనుండియైన గాలిలో పైకి లేచి కాలము వృథయగును. మరీ దూరమునుండియైన చట్రము మోకాలికి దగులును. పరుగెత్తు బాలికకు ఇవి యేవియు గనబడవు. 13 సెకండ్లలో నామెకు గాలి హోరు దక్క మరేమియు వినబడదు. గట్టున నిలిచిన శిక్షకురాలికి మాత్రమే, ఏ యడుగున నెంత కాలము పోయినదో యెరుక.

మన విశాఖపట్టణపు బిడ్డ కుమారి జ్యోతి యర్రాజి ఈ పందెముననే ప్రసిద్ధి కెక్కినది. తండ్రి కావలివాడుగను, తల్లి ఇండ్లలోను ఆసుపత్రిలోను పనిచేయుచును ఆ బిడ్డను పెంచిరి. 2016లో ఆమె హైదరాబాదు చేరి నాగపురి రమేశుగారి యొద్ద శిక్షణము పొందినది. పిమ్మట భువనేశ్వరమున జేమ్సు హిల్లియరను ఆంగ్లేయుని శిష్యురాలైనది. శ్రీమతి అనూరాధా బిశ్వాలు 2002లో నెలకొల్పిన 13.38 సెకండ్ల జాతీయ రికార్డు 20 ఏండ్లు చెక్కుచెదరక నిలిచియుండగా, జ్యోతి 2022 మే నెలలో దానిని 13.23 సెకండ్లకు దింపినది. 2023లో చైనాలోని చెంగ్డూ నగరమున 12.78 సెకండ్లలో పరుగెత్తినది. ఆ యేటనే ఆసియా ఛాంపియను అయినది. 2025లో 12.96 సెకండ్లలో పరుగెత్తి ఆ బిరుదును నిలుపుకొన్నది. ఇరువది యేండ్ల రికార్డునుండి తగ్గినది ఒక సెకండులో నూటి కరువది వంతులు మాత్రమే. అది మిక్కిలి స్వల్పకాలము. కాని యా స్వల్పకాలమును పది చట్రముల మీదను, వాని నడుమ నడుగుల మీదను పంచి, ప్రతిచోట రవంత రవంత తగ్గించుటకు గురువులకు సంవత్సరములు పట్టినవి.

ఇక స్వయముగా గెలిచినవారు నేర్పువారుగా మారిన వృత్తాంతములను జూతము. తెలుగునాట నిందుకు పెద్ద యుదాహరణము శ్రీ పుల్లెల గోపీచందుగారు. ఆయన యాట పరుగు గాదు, బాడ్మింటను. అయినను ధర్మ మొక్కటియే. ప్రకాశము జిల్లా నాగండ్లలో 1973లో పుట్టిన యా యువకుడు హైదరాబాదున సయ్యదు మహమ్మదు ఆరిఫుగారి శిష్యుడై, మోకాలికి శస్త్రచికిత్సలు జరిగినను వెనుదీయక, 2001 మార్చిలో ఇంగ్లండునందు ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచెను. 1980లో ప్రకాశ్ పడుకోను తరువాత ఆ గౌరవమును బడసిన భారతీయుడు ఆయనయే. అంతటితో పేరు మోసికొని సుఖముగా నుండవచ్చును గదా! ఉండలేదు. గచ్చిబౌలిలో శిక్షణాలయము కట్టుటకు పూనుకొని, ధనము చాలక కుటుంబపు టిల్లు తాకట్టు పెట్టెను. 2008లో శిక్షణాలయము నిలిచినది. 2012లో లండనున సైనా నెహ్వాలు కాంస్యమును, 2016లో రియోలో పి.వి. సింధు రజతమును దెచ్చిరి. ఇరువురును ఆయన శిష్యురాండ్రే. గోపీచందుగారికి స్వయముగా ఒలింపిక్ పతకము లేదు. ఆయన శిష్యురాండ్రకు గలదు. గురువు కిదియే పండుగ.

కొడుకును మైదానములకు ద్రిప్పి పెంచిన ఆయన తల్లి సుబ్బరావమ్మగారు శిక్షణాలయపు బాధ్యతలలో సైతము భాగము వహించిరి. ఇల్లు తాకట్టు పెట్టుటకు యజమానుడు సంతకము చేసిన చాలును. ఆ యింట నుండు స్త్రీలు గుండె దిటవు చేసికొననిదే యా కార్యము సాగదు. ఈ సంగతి మన పాఠకురాండ్రకు మేము చెప్పవలసినది గాదు.

పరుగుపందెములయందే చూడదలచిన మన దక్షిణదేశముననే శ్రీమతి పి.టి. ఉషగారున్నారు. కేరళమున పయ్యోలి గ్రామపు బిడ్డ. ఓ.ఎం. నంబియారుగారామెకు గురువు, 1985లో ద్రోణాచార్య బిరుదును స్థాపించినపుడు మొదటి సంవత్సరముననే యది వారికి లభించినది. 1984లో లాస్ ఏంజెల్సు ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల హర్డిల్సునందు ఉషగారు 55.42 సెకండ్లలో గమ్యము జేరిరి. మూడవదిగా వచ్చిన రుమేనియా స్త్రీ 55.41 సెకండ్లలో జేరినది. నూరవ వంతు సెకండులో పతకము చేజారినది! నాడు గంజియు నూరగాయయు దక్క తనకు తగిన యాహారము దొరకలేదని యామెయే పలుమారులు చెప్పియున్నారు. ఆ కొరతను తలచుకొని దుఃఖించుచు గూర్చుండుటకు మారుగా, ఆమె 2002లో కొయిలాండిలో బాలికలకై పరుగుల పాఠశాలను నెలకొల్పిరి. అచట తయారైన టింటూ లూకా అను బాలిక 2010లో 800 మీటర్లను 1 నిమిషము 59.17 సెకండ్లలో పరుగెత్తి, షైనీ విల్సను 1995లో నెలకొల్పిన జాతీయ రికార్డును దాటినది. తానోడిన చోటు తెలిసిన గురువు శిష్యురాలి నచట ఓడనీయదు. ఏ గమ్యరేఖ యొద్ద తన రొమ్ము వంగలేదో, ఏ పూట తన కడుపు నిండలేదో యామెకు దెలియును. గెలిచినవారు నేర్పగలది కొంత. ఓడినవారు నేర్పగలది మరికొంత. రెండును జవిచూచిన స్త్రీ నేర్పగలది యెక్కువ.

మన శ్రీకాకుళమండలపు శ్రీమతి కరణం మల్లేశ్వరిగారిని గూర్చి చెప్పక విడువరాదు. ఆమె బరువులెత్తినవారు. 2000 సంవత్సరమున సిడ్నీలో స్నాచియందు 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్కునందు 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము పొందిరి. భారతస్త్రీలలో ఒలింపిక్ పతకము బడసిన మొదటివారామెయే. ఆ తరువాత మాతృత్వమును, సంసారమును, ఉద్యోగమును నిర్వహించుచునే, మెట్టినింటివైపు హర్యానాలోని యమునానగరమున బాలబాలికలకు బరువులెత్తు విద్య నేర్పనారంభించిరి. 2021లో ఢిల్లీ క్రీడావిశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతిగా నియమింపబడిరి. ఆముదాలవలస చెంతనున్న యొక చిన్నయూరి బాలిక, ఇనుమెత్తిన చేతులతోనే, విశ్వవిద్యాలయపు పీఠము నెక్కినది. “ఆటలాడినదానికి ముందుగతి యేమి?” అనువారికి ఈ యొక్క జీవితమే చాలినంత యుత్తరము.

ఇక హైదరాబాదునకు వత్తము. హెప్టాథ్లాను అను పోటీ యొకటి గలదు. రెండు దినములలో నేడు పరీక్షలు: హర్డిల్సు, ఎత్తుదుముకు, గుండువిసరుట, 200 మీటర్ల పరుగు, దూరపుదుముకు, ఈటె, కడపట 800 మీటర్ల పరుగు. ఇంటిల్లిపాది పనులను రెండు దినములలో నొంటిగా ముగించు గృహిణికే దీని శ్రమ బాగుగా దెలియును. 2003లో హైదరాబాదున ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినపుడు, ఈటె విసరుటలో చీలమండ బెణికి మైదానమునుండి మోసికొనిపోబడిన శ్రీమతి జె.జె. శోభ, కట్టు గట్టుకొని మరలివచ్చి, 800 మీటర్లు పరుగెత్తి స్వర్ణము గెలిచిరి. ఆమె దక్షిణమధ్య రైల్వేలో నుద్యోగము చేయుచు సికింద్రాబాదున స్థిరపడినవారు. 2002, 2006 ఆసియా క్రీడలు రెంటను కాంస్యము దెచ్చినవారు. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నదే పోటీయందు, తేనీరు విక్రయించు తండ్రి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన కుమారి అగసర నందిని 5712 అంకములతో కాంస్యము తెచ్చినది. ఒకే నగరమున రెండు తరములు! ఒక తరము కాళ్లతో నేర్చినది రెండవ తరమునకు మాటలతో నందవలెను. అట్లందనిచో ప్రతి బాలికయు మొదటి మెట్టునుండియే యెక్కవలసివచ్చును.

నాడు నందినికి శిక్షకులు ఇందాక మేము పేర్కొన్న నాగపురి రమేశుగారే. 2016లో ద్రోణాచార్య బిరుదు పొందినవారు. వీరి చేతిలో పెరిగిన మరియొక బాలికను మీకు దెలుపవలెను. వరంగల్లు ప్రాంతమున కల్లెడ గ్రామపు కుమారి జీవాంజి దీప్తి. పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలదని యూరివారు హేళన చేసిన బిడ్డ. పాఠశాల పోటీలలో నామె పరుగును రమేశుగారు చూచిరి. పట్టణమునకు పంపుడని యడిగిరి; బస్సు వ్యయమునకే వెనుకాడు స్థితిలో నున్న యా తల్లిదండ్రులకు చేయూత నిచ్చిరి. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున ఆమె తన తరగతిలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి నాటి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిసునందు జరిగిన పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండ్లలో కాంస్యము గెలిచినది. ఊరు చూచినది లోపమును. గురువు చూచినది యడుగును. శిక్షకుని చేతిలోని గడియారమునకంటె, ముఖములోని కన్ను ముఖ్యమని దీనివలన దెలియుచున్నది.

గురువు పురుషుడైనను స్త్రీయైనను అట్టి కన్నుండవచ్చును. మరి స్త్రీశిక్షకురాండ్రే కావలెనని మేమేల కోరుచున్నాము? 2021లో జరిగిన టోకియో ఒలింపిక్ క్రీడలలో పోటీ చేసినవారిలో నించుమించు సగము మంది స్త్రీలు. శిక్షకులలో మాత్రము స్త్రీలు నూటికి 13 మందియే. అనగా పరుగెత్తువరకు త్రోవ తెరచియున్నది. నేర్పుటవద్దకు వచ్చుసరికి తలుపు మూసియున్నది. దీనివలన నష్టపడునది బాలికయే. ఎట్లనగా వినుడు.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వరకు గల మన దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదని తేలినది. దేహమునందు ప్రాణవాయువును మోయునది రక్తమే. రక్తము తక్కువైన బాలిక 400 మీటర్లు పరుగెత్తి రొప్పుచు గూలబడినచో, “సోమరి” యని కసరువాడును గలడు, “అమ్మాయీ, నీకు నెలనెల రక్తస్రావ మెట్లున్నది? ఏమి తినుచున్నావు?” అని యడుగునదియు గలదు. ఈ రెండవ ప్రశ్నను పురుషు డడుగుటకు జంకును. అడిగినను బాలిక చెప్పుటకు సిగ్గుపడును. కఠినముగా పరుగెత్తుచు తగినంత తినని పిల్లలకు ఋతుక్రమము నిలిచిపోవుట గలదు. “పోనిమ్ము, పీడ వదలినది” అని పిల్ల సంతసించును. కాని యది యెముకలు సన్నగిల్లుటకు నాంది. కొన్నాళ్లకు కాలియెముక చిట్లును. దీనిని మొదటి మాసముననే పసిగట్టి, సాధనము తగ్గించి, ఆహారము పెంచి, వైద్యురాలి యొద్దకు బంపునది తెలిసిన శిక్షకురాలే. ఈడు వచ్చు వయస్సున బాలికల మోకాళ్ల కీళ్లకు గాయములు హెచ్చుగా గలుగుననియు, దుమికి దిగునపుడు మోకాళ్లు లోనికి వంగకుండ నేర్పిన వానిని చాలవరకు దప్పింపవచ్చుననియు నామె యెరుగును.

ఇందు తల్లులు చేయవలసినదియు గలదు. పరుగెత్తు పిల్లకు పప్పు, ఆకుకూర, రాగి, నువ్వులు, బెల్లము, అలవాటుగలవారి యిండ్లలో గ్రుడ్డును మాంసమును కడుపునిండ పెట్టవలెను. భోజనము కాగానే తేనీరో కాఫీయో యిచ్చిన, తిన్నదానిలోని యినుము దేహమున కంతగా నంటదు. దానికి మారుగా నిమ్మకాయ పిండిన నీరిచ్చిన నంటును. ఇట్టి చిన్న సంగతి తల్లికి చెప్పుటకు శిక్షకురాలు వంటయింటి గడపవరకు రాగలదు. అది యామెకు గల వీలు.

మరియొక సంగతి తల్లులు పైకి జెప్పరు గాని వారి నిద్దురను జెరచును. ఒంటరిగా దూరపు పోటీలకు బోవు పిల్లకు రక్షణమేది? 2013 నాటి చట్టము ననుసరించి పదుగురో అంతకు మించియో పనిచేయు ప్రతిసంస్థయందును స్త్రీల ఫిర్యాదులు వినుటకు నొక అంతర్గత సమితి యుండవలెను. పిల్లను చేర్చునపుడే, “ఆ సమితి యెచట నున్నది? ప్రయాణములలో తోడు స్త్రీ యెవరు?” అని యడుగుడు. అడుగుటకు సంకోచింపవలదు. మంచి సంస్థవారు దానికి నొచ్చుకొనరు.

ఇట్టి శిక్షకురాలగుటకు మార్గమేది? పందెములలో జిల్లా, రాష్ట్రము, విశ్వవిద్యాలయము, దేశము అను మెట్లపై బాలిక యెంతవరకెక్కినను, చదువు మాత్రము విడువరాదు. డిగ్రీ ముగిసిన పిమ్మట బి.పి.ఇడి. యను వ్యాయామవిద్య రెండేండ్లు, ఆపై ఎం.పి.ఇడి. రెండేండ్లు. హైదరాబాదున దోమలగూడలో దీనికై ప్రభుత్వ కళాశాల గలదు, ఏ.ఎస్. రావు నగరమునకు దూరము గాని ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఈ విద్య గలదు. కళాశాలలలో ఫిజికల్ డైరెక్టరు ఉద్యోగమునకు సామాన్యముగా ఎం.పి.ఇడి.తోపాటు నెట్టు గాని సెట్టు గాని యను పరీక్ష ప్యాసు కావలెను. ఇది యొక త్రోవ. రెండవది, ఒక్క పందెమునే లోతుగా నేర్పు శిక్షకురాలి త్రోవ. పటియాలాలో మోతీబాగు రాజభవనమున 1961లో స్థాపింపబడిన జాతీయ క్రీడాసంస్థ యొక సంవత్సరపు డిప్లొమా నిచ్చును. దేహశాస్త్రము, ఆహారము, మనస్తత్త్వము, గాయముల చికిత్స, సంవత్సరపు సాధనమును ఋతువుల వారీగా విభజించు విధము, అన్నియు నచట జెప్పుదురు. మన దేశమున చాలమంది శిక్షకులు ఆ గడప దాటినవారే. పందెము విడిచిన మరునాడే యీల చేతబట్టుట తగదు. ఈ చదువు ముగించి, ఒక పెద్దగురువు చెంత రెండు మూడేండ్లు సహాయకురాలుగా నుండి, పిమ్మట స్వతంత్రించుట మేలు. పుట్టినింట వంట నేర్చిన పిల్లయైనను మెట్టినింట కొన్నాళ్లు అత్తగారి ప్రక్క నిలిచి చేయి కలుపును గదా!

ఈ మార్పులో నొక కష్టము గలదు, దానిని దాచరాదు. నిన్నటివరకు పదివేలమంది చప్పట్ల నడుమ పరుగెత్తిన స్త్రీ, నేడు ఎండలో గట్టున నిలిచి, వంకరగా పరుగెత్తు పదమూడేండ్ల పిల్లకు నదే మాట నూరుసారులు చెప్పవలెను. “నా కొక్కసారి చెప్పగనే వచ్చినది, వీరికేల రాదు?” అని విసుగు గలుగును. తాను పడిన పాటంతయు పిల్లలును పడవలెనని పట్టుదల పుట్టును. తన గురువు కొట్టెను గనుక తానును కొట్టవలెనని యూహించును. ఇవి మూడును శిక్షకురాలికి శత్రువులు. పిల్ల తన ప్రతిబింబము గాదనియు, తనకు దక్కని పతకమును దెచ్చుటకు బుట్టిన పనిముట్టు గాదనియు నెరిగినపుడే యామె గురువగును. తల్లులమైన మనకును ఈ పాఠము కొంత యక్కరకు వచ్చును.

“ఎండలో నల్లబడును”, “పెండ్లికి సంబంధము దొరకదు”, “రాబడి చాలదు” అను మూడు మాటలు పెద్దలు తప్పక యందురు. నల్లబడుట రోగము గాదు. పెండ్లి విషయమున, మల్లేశ్వరిగారును ఉషగారును గృహిణులే. వారి భర్తలు వారి ప్రయత్నములకు దోడు నిలిచినవారే. రాబడి మాత్రము నిజమైన ప్రశ్న. పాఠశాలలలోను చిన్న కళాశాలలలోను వ్యాయామోపాధ్యాయినులకు జీతములు తక్కువ; పలుచోట్ల నా యుద్యోగమే లేదు. మైదానము లేని కళాశాలలు మన నగరమున వీధికొకటి వెలసినవి. కావున మన పిల్లలను కళాశాలలో జేర్చుటకు బోయినపుడు, ప్రయోగశాల యున్నదా, బస్సున్నదా యని యడిగినట్లే, “మైదానమున్నదా? బాలికలకు శిక్షకురాలున్నదా?” యని తల్లులందరును అడుగనారంభించిననాడు ఆ యుద్యోగములు పుట్టును, జీతములును పెరుగును. రుసుము చెల్లించు చేయి యడిగిన ప్రశ్నకు ఏ యాజమాన్యమైనను జవాబు చెప్పక తప్పదు.

మన వాడలలో నొకప్పుడు విశ్వవిద్యాలయము పక్షమున పరుగెత్తి, పెండ్లియైన పిమ్మట స్పైకు బూట్లను అటకపై బెట్టిన కోడండ్రెందరో యున్నారు. పతకములు బీరువాలో చీరల క్రింద నున్నవి. అత్తగార్లారా! ఆ కోడలిని వారమునకు రెండు దినములు ప్రాతఃకాలమున గంటసేపు మైదానమునకు బంపుడు. ఆ గంట పాలు మీరు కాచుడు. వాడలోని పదిమంది పిల్లల నామె చేతికి అప్పగింపుడు. ఆ పదిమందిలో పతకము తెచ్చునది యొకతెయైన నుండవచ్చును, లేకపోవచ్చును. పదుగురును నిటారుగా నడచుటయు, ఆకలిగొని తినుటయు, ఓడి నవ్వుటయు నేర్తురు. విద్య నేర్పిన స్త్రీకి వయస్సుతో ముగింపు లేదు. ఆమె పరుగు ఆమె శిష్యురాండ్ర కాళ్లలో సాగుచునే యుండును. మా సోదరీమణులందరికిని ఆరోగ్యమును, వారి బిడ్డలకు మంచి గురువులును గలుగుగాక!